వదిన కొర్రమీను ఎందుకు చచ్చిపోయింది

వదిన కొర్రమీను పసుపు ఎక్కువై చచ్చిందని మా బంధువుల్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. అది నిజం కాదు. ఆ మాట పుట్టించింది నేనే.

వదినది పెనుకొండ. పెళ్లయి ధర్మవరంలో మా ఇంటికొచ్చిన రెండో ఏడు, పుట్టింటి నుంచి వస్తూ కుండలో ఆ చేపను తెచ్చుకుంది. రైలు దిగేదాకా కుండ మూతి మీద నుంచి చెయ్యి తీయలేదట. పెరట్లో రాతితొట్టిలో వదిలింది. మా ఇంట్లో చేప వండరు. అయినా ఎదురింటి అవ్వ రోజూ వచ్చి అడిగేది.

"పులుసెప్పుడమ్మా?"

"నీకు మళ్లీ పండ్లు మొలిచినాక, అవ్వా," అనేది వదిన.

పొద్దున లేస్తూనే ఆమె తొట్టి దగ్గరికి వెళ్లేది. వానపామును వేస్తే చేప ఎగిరి పట్టాలి; పట్టకపోతే ఒంట్లో బాగాలేనట్టే. రెక్కలు విప్పుకుని ఉండాలి, ఒంటికి అతుక్కోకూడదు. కొర్రమీను అప్పుడప్పుడూ పైకొచ్చి గాలి పీల్చుకోవడం మామూలే. పైనే ఉండిపోయి ఒక పక్కకు వాలితే మాత్రం భయపడాలి. ఒకసారి తోక మీద తెల్లమచ్చ కనిపిస్తే, దాన్ని వేరే బానలోకి మార్చి, చిటికెడు పసుపు, కాస్త ఉప్పు వేసి నాలుగు రోజుల్లో నయం చేసింది.

"నాకు జరమొస్తే ఇట్లా సూస్తావా వదినా?"

"నువ్వు గూడా వానపాములు తిను, సూస్తా."

ఆ ఎండాకాలం బావిలో నీళ్లు అడుగంటాయి. మాది పట్టు నేసే ఇల్లు; ముడిపట్టును సబ్బు, సోడా వేసి ఉడకబెట్టి జిగురు పోగొట్టడం, తర్వాత నాలుగైదు నీళ్లలో జాడించడం నా పని. ఒకరోజు చివరి జాడింపుకు నీళ్లు తోడడానికి బద్ధకించాను. చివరి నీళ్లలో ఇంకా సబ్బేముంటుందిలే అనుకుని, పెరట్లో ఎవరూ లేనప్పుడు పట్టును చేప ఉన్న తొట్టిలోనే ముంచి తీశాను.

మరునాడు వదిన తొట్టి దగ్గరే నిలబడిపోయింది.

"ఇది తింటాండ్లేదప్పా. ఒళ్లంతా జిగటగా ఉండాది. ఇట్లాంటి జబ్బు నేనెప్పుడూ సూడలే."

నీళ్లు మార్చింది, పసుపూ ఉప్పూ వేసింది. సాయంత్రానికి చేప వెల్లకిలా తేలింది. అందరూ కారణం వెదుకుతున్నారు. సబ్బు సంగతి ఎవరికైనా తడుతుందేమోనని నేనే ముందు నోరు తెరిచాను.

"పసుపు ఎక్కువేసినావేమో వదినా."

ఆమె తన వేళ్లకంటిన పసుపు చూసుకుంది.

తర్వాత అన్న హిందూపురంలో బట్టలంగడి పెట్టాడు. కొన్నేళ్లకు ఒకసారి వాళ్లింటికి వెళ్లాను. నేనుండగానే వెనకింటామె వచ్చింది. వాళ్ల తొట్టిలో చేపకు తెల్లమచ్చ లేచిందట, ఏం చేయాలని అడిగింది.

"నీళ్లు మార్చు. పసుపు మాత్రం ముట్టొద్దు. నా చేతులారా ఒకదాన్ని సంపుకున్నా," అంది వదిన.

"పోయినసారి గూడా నువ్వు వద్దంటే ఎయ్యలేదు గదమ్మా. అది సచ్చిపాయ," అంటూ ఆమె వెళ్లిపోయింది.

ఇక ఉండలేకపోయాను.

"వదినా, పసుపు కాదు. ఆ తొట్టిలో నేను పట్టు జాడించినా. సబ్బునీళ్లకు సచ్చింది."

చేటలో బియ్యం ఏరుతున్న చెయ్యి ఆగింది.

"ఇన్నేండ్లు నోట్లో ఏం పెట్టుకున్నావప్పా?"

"భయమేసింది."

"నాకు తెలిసిన మందును నా చేతనే మానిపిస్తివి."

లేచి వంటింట్లోకి వెళ్లి, కాగితంలో పసుపు పొట్లం కట్టి తెచ్చి నా చేతిలో పెట్టింది.

"పో. నేనెందుకు వద్దన్నానో, ఇప్పుడెందుకు ఎయ్యమంటాండానో, నువ్వే చెప్పి రా."

వెనకింటి తలుపు తట్టాను. ఆమె తలుపు తీసి, పొట్లం వైపు, నా వైపు చూసింది.

"ఏమప్పా?"

ముడిపట్టు ఉడకబెట్టడం దగ్గర మొదలుపెట్టి, ఒక్కటీ దాచకుండా చెప్పాను.