బాపు కారులో రాని చల్లగాలి

మా చిన్నప్పుడు... మండుటెండలో బాపు పాత కారులో కూర్చుని, ఏసీ గాలి వచ్చే జాలీ ముందు అరచెయ్యి పెట్టి చూసేవాడు.

"సల్లగ వస్తుందా బాపూ?" అని అడిగేదాన్ని.

"వస్తది బిడ్డా... జర ఆగు."

వచ్చేది వేడిగాలే...

మా ఊరు నాగిరెడ్డిపేట దగ్గర. నానమ్మకు కిడ్నీలు పాడయ్యాయి. వారానికి రెండుసార్లు ఎల్లారెడ్డి మీదుగా కామారెడ్డి దవాఖానకు డయాలసిస్‌కు తీసుకెళ్లాలి. బస్సులో కూర్చోలేకపోతోందని బాపు ఆ కారు కొన్నాడు.

నీళ్లు ఎక్కువ తాగకూడదన్నారు డాక్టరు. ఎండకేమో ఆమె గొంతు ఎండిపోయేది... పక్కన కూర్చుని సీసా మూతతో కొలిచి పోయడం నా పని.

"ఇంకొక్క మూత పొయ్యవే..." అని బతిమాలేది. నేను బాపు వైపు చూసేదాన్ని. ఆయన అద్దంలోంచే తల అడ్డంగా ఊపేవాడు. నీళ్లు ఎలాగూ ఇవ్వలేడు... చల్లగాలైనా ఇవ్వాలని ఆయన తాపత్రయం.

ముందు ఫ్యూజు మార్చాడు. బానెట్ ఎత్తి, లోపల పేరుకున్న దుమ్మంతా కడిగాడు. లాభం లేదు. కామారెడ్డిలో మెకానిక్ గ్యాస్ నింపాడు. ఆ రోజు తిరుగు ప్రయాణంలో నిజంగానే చల్లగా వచ్చింది... నానమ్మ నా భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. ఇల్లు చేరేదాకా నీళ్లు అడగలేదు. బాపు ఏదో కూనిరాగం తీశాడు.

నాలుగు రోజులకే మళ్లీ వేడిగాలి. గ్యాస్ ఎక్కడ కారిపోతోందోనని మెకానిక్ పైపులన్నిటికీ సబ్బు నురగ రాసి చూశాడు. ఎక్కడా బుడగ లేవలేదు. డాష్‌బోర్డు విప్పితే, లోపలి కూలింగ్ కాయిల్‌కే చిల్లు.

"గీ కాయిల్ ఇప్పుడు దొర్కదన్నా. గీ మోడల్ బందై శానేండ్లయింది."

"పాతదన్న దొర్కదా?"

"సూడు... ఆశ మాత్రం పెట్టుకోకు."

హైదరాబాదులో పాత సామాన్ల దుకాణాలన్నీ తిరిగి బాపు ఒక కాయిల్ తెచ్చాడు. బిగించారు. ఈసారి కంప్రెసర్ తిరగకుండా పట్టేసింది. మెకానిక్ చేతులు తుడుచుకుని బానెట్ మూసేశాడు.

తర్వాతి ప్రయాణంలో, లింగంపేట దాటాక, అలవాటుగా ఏసీ మీట నొక్కాడు. వేడిగాలి మొహాన కొట్టింది. నానమ్మ ముందుకు వంగి ఆయన భుజం మీద చెయ్యి వేసింది.

"సల్లగనే వస్తుంది కొడుకా... ఇగ దాన్ని ఇప్పకు."

బాపు కారు పక్కకు ఆపి, దిగి, అటు తిరిగి నిలబడ్డాడు. ఆయన చూడకుండా నేను ఒక మూత ఎక్కువ పోశాను. నానమ్మ తాగింది. రెండోది పోయబోతే చెయ్యి అడ్డం పెట్టింది...

ఆ ఏడు వానలు పడకముందే నానమ్మ పోయింది.

ఇప్పుడు నా కారులో వేలు ఆనిస్తే చాలు, రెండు నిమిషాల్లో చలి పుడుతుంది. పక్కన కూర్చున్న బాపు, "సలి పెడ్తుంది బిడ్డా, జర తగ్గియ్యి" అంటాడు. తగ్గిస్తాను...

మీ ఇంట్లోనూ ఉందా... ఎంత తిరిగినా ఒక మనిషికి ఇవ్వలేకపోయిన చిన్న సుఖం? ఉంటే రాయండి... చదువుతాను.