దస్తావేజు లేఖరి తడిచెయ్యి

1986లో నన్ను తెనాలిలో ఒక ఆసుపత్రికి సర్జన్‌గా వేశారు. ఆ డిసెంబరులో నేను చేసిన తెలివితక్కువ పని ముందే ఒప్పుకుంటాను: చేతుల నిండా చెమటతో వచ్చిన మనిషికి నిద్రమాత్ర రాసి పంపేశాను.

ఆయన పేరు ప్రభుదాసు. రేపల్లె రిజిస్ట్రారు ఆఫీసు ముందు కూర్చునే దస్తావేజు లేఖరి. నాడి చూద్దామని పట్టుకుంటే చెయ్యి అప్పుడే కడిగినట్టు తడి, పైగా మంచులా చల్లన. తడిచెయ్యి అంటే భయమేనని మేం డాక్టర్లందరం తేల్చేసుకున్న రోజులవి. "ఎందుకయ్యా అంత భయం?" అన్నాను.

"భయం కాదండి, చెమటేనండి," అన్నాడు. నేను వినలేదు.

వారానికి మళ్లీ వచ్చాడు. ఈసారి నేను రాస్తున్న కేసు షీటు మీద అరచెయ్యి ఆనించి తీశాడు. నా సిరా అంతా అలుక్కుపోయింది.

"స్టాంపు కాగితాల మీదా ఇంతేనండి. ఇంకొక్కటి పాడైతే నా దగ్గర ఎవరూ రాయించుకోవద్దని చెప్పేస్తానన్నారండి రిజిస్ట్రారు గారు. నాకు వేరే పని రాదండి."

చలి ఉదయాల్లో వేళ్లు తెల్లబడి, కలం పట్టుకున్నట్టే తెలియదట.

రక్తనాళాలను బిగించేవీ, చెమట పట్టించేవీ ఒకే జాతి నరాలు. వెన్నెముక పక్కన గొలుసులా దిగే వాటిలో పైనుంచి రెండో ముడినీ, మూడో ముడినీ తీసేస్తే చెయ్యి ఆరుతుంది, వెచ్చబడుతుంది. పై ముడిని తాకితే కనురెప్ప వాలిపోతుంది. కాస్త పక్కకు జరిగితే ఊపిరితిత్తి. ముందు పరీక్షగా మెడ దగ్గర, ఆ నరాలను మాత్రం కాసేపు పనిచేయనివ్వని మత్తు సూది వేశాను. పావుగంటలో కుడిచెయ్యి ఆరింది. ప్రభుదాసు ఆ చేత్తో కాగితం మీద తన పేరు రాసుకుని, దాన్నే చూస్తూ కూర్చున్నాడు.

మా సూపరింటెండెంటు గారు మాత్రం నవ్వారు. "చెమట పడితే తువ్వాలిస్తారయ్యా, కత్తి పెడతారా? రేపు ఉక్కపోతకి కూడా కోసేస్తావేంటి? గురువారం నా హెర్నియాలయ్యాక థియేటరు ఖాళీగా ఉంటే చూసుకో."

మూడు గురువారాలు ఖాళీ దొరకలేదు. మూడుసార్లూ ప్రభుదాసు పగలంతా పస్తుండి, సాయంత్రం ఇడ్లీలు తిని రేపల్లె రైలెక్కాడు. నాలుగో గురువారం మత్తు డాక్టరుగారిని బతిమాలి ఉదయం ఆరింటికే రప్పించాను. చంక కింద కోసి లోపలికి వెళ్లి, రెండు ముడులూ తీశాను. బల్ల మీదే చెయ్యి వెచ్చబడింది. సూపరింటెండెంటు గారు వచ్చేసరికి కుట్లు వేస్తున్నాను. నాకు మెమో ఇచ్చారు. ఆరింటికి థియేటరు ఖాళీగానే ఉందని జవాబు రాశాను.

మూడు నెలలకు ఎడమచెయ్యీ అయింది. చేతి చెమట మరోచోట పట్టవచ్చని ముందే హెచ్చరించాను. అలాగే జరిగింది. "వీపుకి బదిలీ అయిందండి. పర్లేదండి, రాసేది వీపుతో కాదు కదండి," అన్నాడు ప్రభుదాసు.

అప్పట్నుంచి ఎవరి చెయ్యి పట్టుకున్నా, ఆ చేత్తో ఏం పని చేస్తారో అడిగాకే నాడి లెక్కపెట్టాను.

1991 మేలో సూపరింటెండెంటు గారి రిటైర్మెంటు సభ జరిగింది. సన్మానపత్రం అచ్చు వేయించకుండా చేత్తో రాయించాను. ఆయన మురిసిపోయారు. "ముత్యాల్లా ఉన్నాయి అక్షరాలు! ఎవరయ్యా రాసింది?"

ప్రభుదాసును వేదిక మీదికి పిలిచి, చెయ్యి కలపమన్నాను. పొడిగా, వెచ్చగా ఉన్న ఆ చెయ్యి పట్టుకుని పెద్దాయన ఆ మొహంలోకి చూశారు, తర్వాత నా వంక చూశారు. ఆయనకు గుర్తొచ్చింది. నుదుట చెమట పట్టింది.

శాలువా కప్పే వంతు నాదే. కప్పాక, సంచిలోంచి కొత్త తువ్వాలు తీసి అందించాను.