అత్తమ్మ చూసిన పట్నం

మొన్న మంగళవారం తెల్లవారుతుండగానే తమ్ముడు సిద్దిపేట నుంచి సైకిలు మీద మిరుదొడ్డిలో మా ఇంటికి వచ్చాడు. అంత దూరం తొక్కివచ్చినవాడు మంచినీళ్ళయినా అడగలేదు. సైకిలు గోడకు ఆనించి అక్కడే నేలమీద కూర్చుండిపోయాడు.

"అత్తమ్మ పోయిందక్కా. నిన్న పొద్దుగూకంగ నూలు కండెలు సుట్టుకుంట సుట్టుకుంట గోడకు ఒరిగింది" అన్నాడు.

ఆమె మాకు మేనత్త. పేరుకే అత్త. మా అమ్మ నన్నూ తమ్ముడినీ వదిలిపోయిన ఏడాదే ఆమె భర్త కూడా పోయాడు. అప్పటినుంచి మా ఇంట్లో ఒక మగ్గం బాపుది, రెండోది ఆమెది. చీర కొంగుమీద తలపై చల్లకుండ ఎత్తుకున్న గొల్లభామ బొమ్మను ఆమె నేసినట్టు మా వాడలో మగవాళ్ళు కూడా నేయలేకపోయేవారు. ఎవరితో మాట్లాడుతున్నా వాళ్ళ బట్ట అంచును రెండు వేళ్ళ మధ్య పట్టుకుని చూసేది. ఎదుటివాళ్ళు నవ్వేవారు. "మనిషి అబద్ధమాడుతడు, బట్ట అబద్ధమాడదు" అనేది.

ఒకసారి ఆమె మగ్గం మీద గొల్లభామ నడుము వంకరపోయింది. అది ముందుగా కనిపెట్టింది ఆమె కాదు, బాపు. ఆ రోజు బాపు అన్నం తినలేదు. వారం తిరక్కుండానే మా ఆయన, నేను ఆమెను బస్సులో హైదరాబాదు పెద్ద దవాఖానకు తీసుకుపోయాం. డాక్టరు ఉర్దూలో చెప్పింది విని మా ఆయన తల దించుకున్నాడు. మందు రాసిచ్చారని ఏదో చెప్పబోయాడు.

"ఉన్నదున్నట్టు చెప్పు అల్లుడా" అన్నది అత్తమ్మ.

కంటి నరం ఎండిపోతున్నదనీ, చూపు ఆరు నెలలుంటుందో ఏడాది ఉంటుందో చెప్పలేమనీ ఆయన చెప్పాడు. దవాఖాన మెట్లమీద ఆమె కొంగు తలనిండా కప్పుకుని కాసేపు కూర్చుంది. ఏడుస్తుందనుకుని పక్కన కూర్చున్నాను. ఆమె ఏడవలేదు. ఇంతదూరం ఎట్లాగూ వచ్చాం కనుక పట్నంలో చూడదగ్గవన్నీ చూపించమని అడిగింది. ఎంత పడితే అంత కండ్లలో నింపుకుపోతానన్నది.

షాలిబండలో దూరపు చుట్టాలింట్లో మూడు రోజులున్నాం. మొదటిరోజు చార్మినార్ చుట్టూ తిరిగి, నవాబుల మహలు గేటుదాకా పోయాం. తుపాకులు పట్టుకున్న జవాన్లు లోపలికి పోనివ్వరు. ఆమె గేటు ఎదుట నిలబడి గోడమీది సున్నపు పనితనాన్ని, లోపల కనిపించినంత గోపురాన్ని, పైనున్న గడియారాన్ని తీరిగ్గా చూసుకుంది. నాకు కాళ్ళు నొప్పి పుట్టాయి. ఆమెకు పుట్టలేదు.

రెండో రోజు బాగే ఆం తోటలోని అజాయబ్‌ఘర్. ఇప్పుడు మ్యూజియం అంటున్నాం. విగ్రహాలు, కత్తులు, చైనా గిన్నెలు అన్నీ చూసి, ఒక అద్దాల పెట్టె దగ్గర ఆగిపోయింది. అందులో జరీ నేసిన పాత శాలువా ఒకటి ఉంది. ఏ రాణిదో. ముక్కు అద్దానికి తగిలేదాకా వంగి చూస్తుంటే జవాను వచ్చి కసిరాడు. ఆమె తిరిగి, "ఇంక కొన్ని దినాలే నాయినా నాకు కండ్లు. సూడనియ్యి" అన్నది. అతను పోయి, తను కూర్చునే ముక్కాలిపీట తెచ్చి ఆమె ముందు పెట్టాడు. ఆమె వేళ్ళు గాలిలోనే పోగులు ఎంచుతూ అల్లుతుంటే అతను పక్కనే నిలబడి చూశాడు.

మూడోనాడు మా చుట్టాలాయన పరదాలు కుట్టిచ్చే ఒక పాత దేవిడీకి, పెద్ద నవాబు బంగళాకు తీసుకుపోయాడు. ఇంటివాళ్ళు ఊళ్ళో లేరు. దర్బారు గదిలో నేలనుంచి కప్పుదాకా ఒక నిలువుటద్దం. మా ఇంట్లో ఉన్నది అరచేయంత అద్దం. ఆమె తనను తాను తలనుంచి పాదాలదాకా చూసుకోవడం జీవితంలో అదే మొదటిసారి. కొంగు సర్దుకుంది. "మా అవ్వ లెక్కున్న బిడ్డా. ఎవ్వలూ చెప్పలేదేంది నాకు?" అన్నది.

ఆ సాయంత్రం ఒక్కటే అడిగింది. బస్సెక్కేముందు ఇంకొక్కసారి శాలువా చూసిపోదామని. నా చంటిబిడ్డ ఊళ్ళో మా ఆడబిడ్డ దగ్గరుంది, పాలు చేపుకొస్తున్నాయి. మళ్ళీ వచ్చినప్పుడు చూద్దాంలే అన్నాను. ఆమె సరేనన్నది.

మళ్ళీ రావడం కాలేదు. నవాబు రాజ్యంలో గడబిడలు మొదలై బస్సులు ఆగిపోయాయి. మిలిటరీ వచ్చి దారులు తెరుచుకునేసరికి ఆమె చూపు పూర్తిగా పోయింది.

పోయిన చలికాలం పెండ్లికి పట్నం పోతుంటే నన్ను పిలిచి, శాలువా చూసిరమ్మన్నది. పోయినదాన్ని లాడ్ బజారులో గాజుల దుకాణాల్లో పొద్దు పోగొట్టుకున్నాను. తిరిగొచ్చి, చూశానని చెప్పాను. ఆమె నా కొంగు పట్టుకుని వింటున్నది.

"చినిగిన మూలకు ఎర్రదారంతోటి కుట్టిన్రు గద. అట్లనే ఉన్నదా?"

"అట్లనే ఉన్నది అత్తమ్మా."

ఆమె నా చేయి నిమిరి, "ఎర్రది కాదు బిడ్డా, పచ్చది. నేనే మర్చిపోయి అడిగిన" అన్నది. బువ్వ తిందువు దా అని లేచింది.

అప్పుడే చెప్పవలసింది. ఆ తరువాత ఎన్నోసార్లు సిద్దిపేటకు వచ్చాను. వచ్చిన ప్రతిసారీ చెబుదామనుకుని పక్కన కూర్చునేదాన్ని. ఆమె పిల్లల జ్వరాల గురించి, పొలం గురించి అడిగేది. ఒక్కనాడు కూడా ఆ శాలువా మాట ఎత్తలేదు. ఆమె ఎత్తకపోవడమే నన్ను ఇప్పుడు నిద్రపోనివ్వడం లేదు. చదివే మీకు చెబుతున్నాను. ఆమెకు చెప్పలేకపోయాను.

ఆ మంగళవారం మేము సిద్దిపేటలో మా వాడకు చేరేసరికి పాడె సిద్ధంగా ఉంది. ఆ పొద్దున ఒక ఇంటివాళ్ళు గంజి పెట్టిన నిలువు పోగుల పడుగును వీధి పొడుగునా చాచి ఉంచారు. రాత్రే నానబెట్టిన నూలు, ఆరకముందే తీస్తే పోగులన్నీ అంటుకుపోతాయి. దారి మూసుకుపోయింది. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. ఆడవాళ్ళూ మగవాళ్ళూ ఇరుపక్కలా చేరి, కర్రలతో ఆ తడి పడుగును తలలపైకి ఎత్తి పట్టుకున్నారు. మోసేవాళ్ళు కొంచెం వంగారు. వేల తెల్లని పోగుల కిందనుంచి అత్తమ్మ మెల్లగా దాటిపోయింది. ఎత్తిన చేతులు చాలాసేపటిదాకా దిగలేదు.