పోయిందని చెప్పిన రిమోటు

మొన్న ఆదివారం మా ఇంట్లో ఏసీ రిమోటు కనపడలేదు. నేను మంచం కిందా, పరుపు సందుల్లోనూ, విడిచిన బట్టల్లోనూ వెతుకుతుంటే, మనవరాలు పడుకున్నచోటు నుంచి కదలకుండా తన ఫోను అటు చూపించి ఏదో నొక్కింది, ఏసీ నడవడం మొదలుపెట్టింది. ఎంత పాత సామానుకైనా ఫోనే రిమోటు అవుతుందట, ఇక వెతకడమే అక్కర్లేదట. మంచిదేనని చెప్పి వంటింట్లోకి వెళ్ళాను. ఒక చిన్న వస్తువు పోతే ఇల్లంతా పరేషాన్ అయ్యే రోజుల్లో బతికినవాళ్ళం మనం. పోకపోయినా పోయిందని చెబితే నమ్మే రోజులు కూడా అవే.

నేను మూడో తరగతితో బడి మానేసినదాన్ని. పాలమూరు వైపు నుంచి మా ఆయన వెంట మేస్త్రీ పనుల మీద ఇక్కడికి వచ్చేనాటికి, ఈ అద్దాల మేడలున్న చోటల్లా బండరాళ్ళూ సీతాఫలం చెట్లూ ఉండేవి. ఆయన పైన గోడ కడుతుంటే నేను కింద మాలు కలిపి అందించేదాన్ని. ఏనాడూ పేరు పెట్టి పిలవలేదు, ‘ఏయ్’ అని ఒక్క కేక వేసేవాడు, నాలుగంతస్తుల కింద ఉన్నా ఉలిక్కిపడి పరుగెత్తేదాన్ని. ఆలస్యమైతే చేతిలోని తాపీ విసిరేవాడు. ఒకసారి తగిలింది కూడా, ఆ మచ్చ ఇంకా భుజం మీద ఉంది.

ఆ గొంతు ఒక తెల్లవారుజామున పక్షవాతంతో పడిపోయింది. మాట పోయింది, కుడిపక్క మొత్తం పోయింది, ఎడమ చెయ్యి ఒక్కటి మిగిలింది. అప్పుడు ఖాజాగూడలో రెండు గదుల కిరాయి ఇంట్లో ఉండేవాళ్ళం. కొడుకు ఆఫీసు క్యాబు నడుపుతూ పొద్దున పోతే రాత్రికి వచ్చేవాడు. నేను తెల్లవారకముందే ఒక కంపెనీలో నేలలు తుడవడానికి వెళ్ళి మధ్యాహ్నానికి వచ్చేదాన్ని, అందాకా ఇంటి ఓనరమ్మ ఆయనను ఒక కంట కనిపెట్టి ఉండేది. ఆయన మంచానికి ఎదురుగా, ఎవరో ఇల్లు ఖాళీ చేస్తూ వదిలేస్తే మోసుకొచ్చిన డబ్బా టీవీ ఉండేది. దాని మీది బటన్లన్నీ లోపలికి పోయాయి, ఏం చేయాలన్నా రిమోటుతోనే. ఆ రిమోటు మాసిపోకుండా పాలిథిన్ కవరు తొడిగి రబ్బరు బ్యాండు వేశాను. బ్యాటరీలు నీరసపడితే ఎండలో పెట్టి ఇంకో పది రోజులు లాగేదాన్ని.

దానితో పిలవడం ఆయన తనంతట తానే కనిపెట్టాడు. సౌండు ఒకసారి పెరిగితే నీళ్ళు, రెండుసార్లు పెరిగి తగ్గితే పక్కకు తిప్పమని, పూర్తిగా మోగిపోతే కోపమొచ్చిందని. ఓనరమ్మ గోడ మీంచి తొంగిచూసి, “ఏందక్కా, నోరు పడిపోయినా మీ ఆయన జోరు తగ్గలే, వాడకట్టంత దద్దరిల్లుతుంది” అని నవ్వేది. నాకు నవ్వు రాలేదు. పనికి పోయి వచ్చి, రెండు ముద్దలు తిని నడుం వాలుద్దామనుకునే ఆ ఒక్క గంటలోనే సౌండు పెరిగేది.

ఒకరోజు కన్ను అంటుకుందో లేదో, టీవీ ఇల్లు ఎగిరిపోయేలా మోగింది. చీకటి గదిలోంచి పరుగెత్తితే గడప తగిలి కాలి గోరు లేచిపోయింది. వెళ్ళి చూస్తే ఆయనకు నీళ్ళూ అక్కర్లేదు, పక్కకు తిప్పడమూ అక్కర్లేదు. రక్తం కారుతున్న నా కాలు చూసి సగం నోటితో నవ్వాడు. ఎగతాళికి నవ్వాడో, నేను వచ్చినందుకు నవ్వాడో, అప్పుడు ఆలోచించలేదు. ఆయన నిద్రపోయాక రిమోటు తీసి బియ్యం డబ్బాలో అడుగుకంటా దూర్చాను. లేచి చేత్తో పక్కంతా తడుముకుంటుంటే, పోయిందని చెప్పాను.

రెండు రోజులు స్టీలు గ్లాసుతో మంచం పట్టె మీద కొట్టాడు. మూడో రోజు ప్లాస్టిక్ గ్లాసు పెట్టాను.

కొడుకు ఊరుకోలేదు. సెలవు దొరికిన ప్రతిసారీ టీవీ వెనకాల నంబరు కాగితం మీద రాసుకుని, కూకట్‌పల్లి నుంచి కోఠీ దాకా దుకాణాలన్నీ తిరిగాడు. ఆ మోడలు బందయి ఎన్నో ఏళ్ళయిందని, రిమోటు కాదు టీవీనే మార్చుకోమని అందరూ ఒకే మాట. చివరికి ఒకాయన అన్ని టీవీలకూ పనికొస్తుందని ఒకటి అంటగట్టాడు, నంబర్లు మార్చి మార్చి నొక్కుతుంటే ఏదో ఒకటి కలుస్తుందన్నాడట. కొడుకు తండ్రి పక్కన కూర్చుని గంటసేపు నొక్కాడు. నొక్కినప్పుడల్లా ఆయన టీవీ వైపు, మళ్ళీ కొడుకు వేళ్ళ వైపు చూసేవాడు. ఏదీ కలవలేదు.

“నాయిన మనల్ని ఎట్ల పిలుస్తడే అమ్మా? కిస్తీల మీద కొత్త టీవీ తెస్త ఇగ” అన్నాడు కొడుకు.

అప్పుడు తీశాను. ఆయన మీద జాలితో తీశానని చెబితే వినడానికి బాగుంటుంది, కానీ కిస్తీల మాట విన్నాకే నా చెయ్యి బియ్యం డబ్బాలోకి పోయింది. మంచం వెనకాల దొరికిందన్నాను. కొడుకు సంబరపడి పరుగెత్తి కొత్త బ్యాటరీలు తెచ్చి వేసి, తండ్రి చేతిలో పెట్టి డ్యూటీకి వెళ్ళిపోయాడు.

ఆయన నొక్కలేదు. బొటనవేలితో కవరును మెల్లగా రుద్దాడు. వేలికి తెల్లగా బియ్యప్పిండి అంటింది. ఆ వేలిని కళ్ళ దగ్గరకు తెచ్చుకుని చూసి, తర్వాత నన్ను చూశాడు. నేను తల తిప్పుకోలేదు.

“అవు, నేనే దాచిన. జర నిద్రపోనీయవా నన్ను?” అన్నాను.

రిమోటు పక్కన పెట్టాడు. ఆ తర్వాత ఎన్నడూ సౌండు పెంచలేదు. దాహమైనా, పక్క తడిసినా, నేనుగా వెళ్ళి చూసేదాకా పైకప్పు చూస్తూ పడుండేవాడు. మొదట్లో హాయి అనిపించింది. తర్వాత పంతానికి నేనూ తక్కువ తినలేదు, పిలవనివాడి దగ్గరికి నేనెందుకు పోవాలని ఒక్కోసారి కావాలనే ఆలస్యం చేసేదాన్ని.

ఎండలు ముదురుతున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం అన్నం తిని పడుకుని, నాలుగింటికి లేచాను. వెళ్ళి చూస్తే అప్పటికే ఆయన ఒళ్ళు చల్లబడింది. రిమోటు ఎడమ చేతికి అందేంత దగ్గరలోనే ఉంది. పాడయిందేమోనని తీసి నొక్కి చూశాను. పనిచేసింది.

ఇప్పుడు నిజాంపేటలో కొడుకు కొన్న ఫ్లాటులో ఎవరూ ఎవరినీ కేకేసి పిలవరు, అన్నం పెట్టానని పక్క గదికి కూడా ఫోనులోనే రాసి పంపుతారు, ఎవరి చెవుల్లో వాళ్ళు ఏవో పెట్టుకుని ఉంటారు. మొగుడి కేకకు ఉలిక్కిపడుతూ, ఆ కేక ఎప్పుడాగుతుందా అని లోలోపల మొక్కుకున్న ఆడవాళ్ళం మనలో ఎంతమందిమో నాకు తెలియదు. నా మొక్కు దేవుడి దాకా పోనివ్వలేదు, నేనే తీర్చుకున్నాను. ఇక్కడ మధ్యాహ్నాలు ఎంత సద్దుమణిగి ఉంటాయంటే గోడ గడియారం నడక వినిపిస్తుంది. పడుకోగానే నిద్ర పట్టేస్తుంది నాకు, ఎవరూ లేపరు.