అవ్వ నెత్తికి తెలిసిన నీళ్లు

మొన్న ధర్మవరంలో మా వీధికి కొత్త నీళ్ల పైపు వేయడానికి జేసీబీ వచ్చి, సరిగ్గా మా ఇంటి ముందర నిలువెత్తు గుంత తీసింది. ఇరుగుపొరుగు ఆడవాళ్లు కొంగులు ముక్కుకు అడ్డం పెట్టుకుని కిటికీలు మూసుకున్నారు. నేను మాత్రం చీపురు చేతిలో పట్టుకుని గుంత అంచునే నిలబడిపోయాను. అడుగు నుంచి ఒక వాసన వస్తోంది. కొత్త కుండలో మొదటిసారి నీళ్లు పోస్తే వచ్చే వాసనకు దగ్గరగా ఉంటుంది గానీ, అంతకంటే పచ్చిగా, నాలుక మీద కాస్త ఉప్పగా తగులుతుంది. ఎర్రమన్ను దాటి, గరుసు దాటి కిందికి దిగితే తప్ప అది రాదు. "ఏం మేడం, అట్ల సూస్తాండారు?" అని జేసీబీ డ్రైవరు అడిగాడు. "సుద్ద తగిలింది కదప్పా" అన్నాను. సైన్సు టీచరమ్మకు ఈ సంగతి పుస్తకంలో దొరికిందనుకున్నాడేమో, తల ఊపాడు. నాకు మన్ను గురించి నేర్పింది పుస్తకం కాదు, మా అవ్వ. ఈ మాట చెప్పుకోవడానికి నాకు ఏ మొహమాటమూ లేదు, గొప్పలు పోతోంది అనుకున్నా సరే.

మా ఊరు పెనుకొండకు పడమర దిక్కున, చేలో నిలబడితే కొండ మీది కోటగోడ కనబడేంత దూరంలో ఉంది. తొంభైల నడుమ మాట ఇది. ఉగాదికి ఓళిగలు, వాటి మీద కరిగి కారే నెయ్యి, ఆ తర్వాత విత్తనానికి శనక్కాయలు ఒలిచే రోజులు, ఒలిచి ఒలిచి బొటనవేళ్లు బొబ్బలెక్కితే వాటిని చల్లటి సంగటి ముద్దలో గుచ్చుకుని కూర్చోవడం, ఊరిబిండి పచ్చడి ఘాటుకు ముక్కు కారుతున్నా ఇంకో ముద్ద అడగడం, వానలు పడితే కొండవాలులో సీతాఫలాలు ఏరుకుని గడ్డిలో మగ్గబెట్టి పొద్దున్నే ఎన్ని పండాయో నొక్కి చూడటం, ఇవే మా సంవత్సరాలు. వేసవి వచ్చిందంటే మాత్రం ఈ కబుర్లన్నీ పోయి ఊరంతటికీ ఒకటే మాట మిగిలేది, నీళ్లు. చేతిపంపు దగ్గర బిందెల వరుస, వంతు కోసం వదిలిపోయిన చెప్పుల వరుసగా మారి, చెప్పులు కూడా ఎండకు పెళుసెక్కి పడి ఉండేవి. ఆ పంపు నీళ్లతో కందిబేడలు పొద్దంతా ఉడికించినా పలుకు విరిగేది కాదు.

మా నాయన తల్లి పేరు ఓబులమ్మ. పొట్టి మనిషి, మాట మాత్రం పొడుగు. ఆమె నడినెత్తిన అరచెయ్యంత మేర వెంట్రుక లేదు. చిన్నప్పటి నుంచి బావులు తవ్వే చోట మన్ను గంపలు మోసి మోసి అక్కడ జుట్టు అరిగిపోయింది. ఊళ్లో తక్కిన ముసలమ్మలు పండిన జుట్టును కొంగుతో కప్పుకుంటే, మా అవ్వ ఆ బట్టతలకు ఆముదం రాసి మెరిపించుకునేది. పెనుకొండ చుట్టూ, హిందూపురం దారి పొడుగునా, ఇటు ధర్మవరం వైపూ ఆమె గంప మోసిన బావులు ఎన్నో ఆమెకే తెలియదు. బస్సులో పోతుంటే కిటికీలోంచి చెయ్యి చాచి "అద్దో, ఆ బాయి మన్ను నేను మోసిందే" అని చూపించేది. ఆ బావులన్నిటికీ చేలు ఎవరివో వాళ్ల పేర్లే ఉన్నాయి. మోసినవాళ్ల పేరు బావికి ఎవరు పెడతారు? అవ్వకు దాని మీద కోపం లేదు. ఆ కోపం నాకు పెద్దయ్యాక వచ్చింది, ఇంకా పోలేదు.

నేను ఏడో తరగతి చదువుతున్న ఏడాది మా నాయన చేలో బావి మొదలుపెట్టాడు. అంతకుముందు రెండేళ్లు వరసగా శనక్కాయ చెట్లు నిలువునా ఎండిపోయాయి. అరచేతిలో టెంకాయ పెట్టుకుని చేనంతా తిరిగి నీటి జాడ చెప్పే ఒకాయన వచ్చి, టెంకాయ లేచి నిలబడిన చోట గుర్తు పెట్టిపోయాడు. నీళ్లు పడమటి మూలన పడతాయని కూడా చెప్పాడు. నాయన మొదటి గడ్డపార వేసేటప్పుడే మా అమ్మతో తేల్చి చెప్పేశాడు: ఈ బావిలో గంగ పడకపోతే సేద్యం ఇంతటితో సరి, ఇంటికి తాళం వేసి నలుగురమూ బెంగళూరు బిల్డింగు పనులకు పోవడమే. నలుగురంటే అమ్మ, నాయన, అవ్వ, నేను. బెంగళూరులో నాకు బడి ఉండదని ఎవరూ చెప్పనక్కర్లేదు. మా పక్కింటి పిల్ల అలాగే పోయి, తర్వాతి పండక్కి చేతుల నిండా సిమెంటు పగుళ్లతో వచ్చింది.

నాయన, మరో ఇద్దరు మగవాళ్లు తవ్వేవాళ్లు. అమ్మ, ఇంకో ముగ్గురు ఆడవాళ్లు బావి గోడకు చెక్కిన మెట్ల మీద వరసగా నిలబడి గంపలు అందించుకుంటూ పైకి చేర్చేవాళ్లు. ఆదివారాలు నేనూ చేరేదాన్ని. అవ్వకు మెడనొప్పి వచ్చిందని నాయన గంప ముట్టనిచ్చేవాడు కాదు. ఆమె గట్టున తుమ్మచెట్టు నీడలో కూర్చుని, పైకి వచ్చిన ప్రతి గంపలోంచీ చిటికెడు మన్ను తీసి వేళ్ల మధ్య నలిపి, వాసన చూసి, ఒక్కోసారి నోట్లో కూడా వేసుకునేది. మొదట ఎర్రమన్ను. దాని కింద కంకరలాంటి గరుసు. దాని కింద తెల్లగా పసుపుగా మెత్తటి సుద్ద. సుద్ద తర్వాత పొడిపొడిగా రాలే రాతిమన్ను, దానికి అవ్వ పెట్టుకున్న పేరు సల్లమన్ను. "అదొస్తే నెత్తికి తెలుస్తాది పాపా. గంప కిందనే సల్లగైతాది. ఆ కింద ఇంగ బండే" అనేది. గట్టు మీద పోసిన మన్ను మాత్రం భూమిని తలకిందులు చేసినట్టు ఉండేది. అడుగున ఎరుపు, పైన తెలుపు. బడి నుంచి రాగానే పిల్లలమంతా కొబ్బరి మట్టల మీద కూర్చుని ఆ గుట్ట పైనుంచి జారేవాళ్లం. తెల్లగా మొదలై కిందికి వచ్చేసరికి ఎర్రగా తేలేవాళ్లం. అమ్మ వీపు మీద ఒకటి అంటించి, స్నానానికి చెంబెడు నీళ్లే అని లెక్కగా పోసేది.

ఆ రోజుల్లోనే బడిలో సైన్సు సారు భూమి పొరల పాఠం చెప్పారు. ఆదోని వైపు నుంచి వచ్చిన మనిషి, తెల్ల చొక్కా, నూనె పెట్టి పక్కకు దువ్విన జుట్టు. భూపటలం, భూప్రావారం, భూకేంద్రమండలం అని గోడకు పటం తగిలించి చూపించారు. శిలావరణం, జలావరణం, వాతావరణం, జీవావరణం అని నాలుగు ఆవరణాలు చెప్పారు. నాకు ఆ మాటల గాంభీర్యం బాగా నచ్చింది. కానీ పరీక్షలో "భూమిలోని పొరలను వ్రాయుము" అన్న ప్రశ్న చూడగానే కళ్ల ముందు పటం రాలేదు, మా బావి గోడ వచ్చింది. ఎర్రమన్ను, గరుసు, సుద్ద, సల్లమన్ను, ఇంకా తగలకపోయినా అవ్వ చెప్పిన బండ అని ఐదూ వరసగా, తవ్విన మేరకు ఎంత మందమో కూడా వేసి, ఎంతో తృప్తిగా రాశాను. సారు దాన్ని క్లాసులో పైకి చదివి, "ఇది భూమినా, మీ చేనునా?" అన్నారు. క్లాసంతా విరగబడి నవ్వింది. ఆ ప్రశ్నకు సున్నా.

ఏడ్చుకుంటూ వచ్చి అవ్వకు చెప్పాను. ఆమె అంతా విని, ఆకూవక్కా బుగ్గన సర్దుకుని, "మీ సారు ఎన్ని బాయిలు మోసినాడంటనే?" అని మాత్రం అడిగింది.

అదే వారంలో బావికి బండ తగిలింది. ఏడు నిలువుల లోతున గడ్డపార ఠంగుమని లేచి వచ్చింది. పడమటి మూలన రెండు రోజులు గుద్దారు. చిప్పలు లేచాయి గానీ చెమ్మ లేదు. మూడో రోజు మధ్యాహ్నం నాయన మెట్లెక్కి పైకి వచ్చి, పార గట్టు మీద పడేసి కూర్చున్నాడు. "ఇంగ సాలు. ఈ బండకు మనము సాలము. సామాన్లు కట్టుకోండి" అన్నాడు. "పాప సదువు?" అంది అమ్మ. "సదివిన కాడికి సాల్లే." నేను తుమ్మచెట్టు వెనక్కి పోయి నిలబడ్డాను. ఏడుపు రాలేదు.

అప్పుడు అవ్వ లేచింది. "రేయ్ నాగన్నా, నన్ను రెండు గంపలు మోయనీరా" అంది నాయనతో.

"నీకేమన్నా తిక్కనామ్మా? మెడ ఇరుగుతాది."

"ఇరిగితే నాది గదా."

ఎవరూ అడ్డం పోలేదు. ఎండ నడినెత్తిన ఉంది. ఆమె గోడను అరచేత్తో తడుముకుంటూ, ఒక్కో పొర దగ్గర కాసేపు ఆగి, పాత చుట్టాలను పలకరిస్తున్నట్టుగా ఏదో గొణుక్కుంటూ మెట్లు దిగింది. బండ మీద నిలబడి పడమటి మూలన సల్లమన్ను ఒక గంపకు ఎత్తమంది, తూర్పు మూలది ఇంకో గంపకు. నెత్తి మీద గుడ్డ చుట్ట తీసి పక్కన పెట్టి, పడమటి గంపను నేరుగా ఆ బట్టతల మీద పెట్టించుకుంది. కాసేపు నిలబడి దింపేసింది. రెండోది పెట్టించుకుని కళ్లు మూసుకుంది. అందరమూ ఆమె మొహమే చూస్తున్నాం. చాలాసేపటికి చెయ్యెత్తి తూర్పు మూల వైపు చూపించింది.

"ఈడుండాది. కిందికి పోవద్దురా. బండను గుద్దితే బండే వస్తాది. ఈ మూలకు అడ్డం పోండి. కొండ నీళ్లు బండ మింద జారి, ఈ మన్నులోనే వస్తాండాయి."

"టెంకాయ పట్టినాయప్ప పడమర అన్న్యాడు గదమ్మా."

"ఆయప్ప చేతిలో టెంకాయ పెట్టుకున్న్యాడు. నేను నెత్తిన భూమినే పెట్టుకున్న్యా."

నాయన నవ్వాడు. ఆ నెలలో ఆయన నవ్వింది అదొక్కసారే. మూడు రోజులు చూద్దాం అన్నాడు.

తూర్పు మూలన, బండకు సరిగ్గా పైన, మనిషి వంగి దూరేంత గుహలా తవ్వుకుంటూ పోయారు. మొదటి రోజు ఏమీ లేదు. రెండో రోజు గడ్డపారకు మన్ను అంటుకుని ఊడలేదు. మూడో రోజు పొద్దున ఎక్కడి నుంచి వచ్చిందో గుహలో ఒక కప్ప కూర్చుని ఉంది. జీవావరణం వచ్చింది, జలావరణం ఇంకెంతో దూరం లేదని నేను అరిస్తే ఎవరికీ అర్థం కాలేదు. సాయంత్రానికి చిటికెన వేలంత నీటి ధార బండ మీదికి జారింది. పెద్ద పొంగేమీ కాదు, దారంలాంటిదే. మర్నాడు పొద్దునకు బావిలో మోకాలి లోతు నీళ్లు నిలిచాయి. "గంగ పడిందంట" అని ఊరంతా చేను తొక్కుకుంటూ వచ్చింది. ఆ నీళ్లతోనే గట్టు మీద బెల్లపన్నం వండి గంగమ్మకు పెట్టారు. నాయన మొదటి చెంబు ముంచి తెచ్చి అవ్వ చేతికిచ్చాడు. ఆమె తాగలేదు. తన నెత్తి మీదే పోసుకుంది. నాయన మొహం పక్కకు తిప్పుకున్నాడు. నాకు ఆ రోజు కలిగిన గర్వం లాంటిది మళ్లీ బి.ఎడ్. పట్టా తీసుకున్న రోజున కూడా కలగలేదు.

సోమవారం బడికి పోయి, బెంచీ మీద కూర్చోకుండానే, "సారూ, సల్లమన్నులో నీళ్లు పడినాయి" అన్నాను. సారు కోప్పడతారనుకున్నాను. ఆయన సుద్దముక్క కింద పెట్టి, మొదటి నుంచి చివర దాకా చెప్పించుకున్నారు. ఆ శనివారం క్లాసు మొత్తాన్ని నడిపించుకుని మా చేనుకు వచ్చారు. అవ్వ ఒక్కొక్కరినీ మెట్ల మీద ఆపి గోడ తడమమంది. తర్వాత రెండు మూలల మన్ను చిన్న గంపలకు ఎత్తించి, కళ్లు మూసుకోమని అందరి నెత్తి మీదా పెట్టించింది. నన్ను చూసి నవ్విన నోళ్లన్నీ "సల్లగుండాది, సల్లగుండాది" అని అరిచాయి. చివరికి సారు కూడా తల వంచి గంప పెట్టించుకున్నారు. దువ్విన జుట్టులోంచి చొక్కా మీదికి మన్ను రాలుతుంటే, "తెలుస్తోందమ్మా, తెలుస్తోంది" అన్నారు. బండ నీటిని లోపలికి పోనివ్వదని, పైనున్న మెత్తటి పొరలోనే అది ప్రయాణం చేస్తుందని అక్కడే పాఠం చెప్పారు. నా సున్నా మాత్రం మారలేదు. "ప్రశ్న ఒకటి, నువ్వు రాసిన జవాబు ఇంకొకటి కదా" అన్నారు. న్యాయమే.

ఆ బావి మా శనక్కాయలను కాపాడింది, నన్ను హైస్కూలు దాటించింది, హిందూపురంలో ఇంటర్ చదివించింది. రెండువేల సంవత్సరం దాటాక చుట్టూ చేలల్లో బోర్లు వందల అడుగులు దిగాయి. బండ మీద జారే నీళ్లు ఆ బోర్ల దారి పట్టాయి. మా ధార సన్నగిల్లి, ఒక ఎండాకాలం ఆగిపోయింది. అవ్వ అది చూడకుండానే పోయింది, అందుకు మాత్రం దేవుడికి దండం పెట్టుకున్నాను. ఇప్పుడు బావి మెట్లు విరిగిపడ్డాయి, లోపల కంపచెట్లు పెరిగాయి. మన్ను గంప నెత్తిన మోసే ఆడమనిషి మా వైపు కనబడటం లేదు. మంచిదే, ఎన్ని మెడలు విరిగాయో నాకు తెలుసు. అయితే ఆ నెత్తులకు తెలిసిన సంగతి కూడా వాటితోనే పోయింది. దానికి బాధ పడకుండా ఉండలేను.

ఈ ఏడాది నా క్లాసులో భూమి పొరల ప్రశ్నకు ముప్ఫై ఎనిమిది మందీ తప్పు లేకుండా రాశారు. అందరికీ పూర్తి మార్కులు వేశాను. మర్నాడు ఊరికే అడిగాను, మన బడి కింద ఏముందని. "టైల్సు మేడం" అన్నారు. దాని కింద? "సిమెంటు." దాని కింద? అందరూ వంగి టైల్సు వైపు చూశారు. నేను బోర్డు వైపు తిరిగి ఎర్రమన్ను, గరుసు, సుద్ద, సల్లమన్ను, బండ అని రాసి, కింద ఓబులమ్మ, పెనుకొండ అని రాశాను. "ఈయమ్మ సైంటిస్టా మేడం?" అని ముందు బెంచీ పిల్ల అడిగింది. ఔనన్నాను.

రాత్రి నోట్సులు దిద్దుతూ చూస్తే, నేను బోర్డు మీద రాయని మాట ఒకటి పిల్లలు తామే చేర్చుకుని రాసుకున్నారు. ఓబులమ్మ గారు. బతికినన్నాళ్లూ మా అవ్వను ఆ మాటతో పిలిచిన మనిషి నాకు తెలిసి ఒక్కరూ లేరు. ఎర్ర పెన్ను తీసుకుని, ఒక్కో పుస్తకంలో ఆ పేరు పక్కన టిక్కు పెడుతూ పోయాను.