డాక్టరమ్మకు బాకీ ఉన్న సగం ఫీజు

ఆదివారం. ఇడ్లీపిండి రుబ్బాను, దుప్పట్లు ఉతికి ఆరేశాను, కొత్తపేట రైతుబజారు నుంచి కూరగాయలు తెచ్చాను. సంచి దించుతుండగా ఫోన్ వచ్చింది: మా డాక్టరమ్మ పోయారు. ఏడవబోతే ముందుగా ఆమె నవ్వే గుర్తొచ్చింది.

తెలంగాణ ఉద్యమం రోజుల్లో మా అమ్మాయికి ఆరేళ్లు. మూత్రం వచ్చే చోట ఎర్రగా కమిలి ఒకటే మంట. ఆ భయంతో పిల్ల నీళ్లు తాగడమే మానేసింది. "ఆడపిల్ల సంగతి, బయటికి పొక్కనివ్వకు. రేపు పెళ్లి దగ్గర ఎత్తిపొడుస్తారు" అన్నారు మా అత్తగారు. నేను రోజూ స్నానం నీళ్లలో పుండ్లు కడిగే మందు పోసేదాన్ని. నీళ్లు పాలలా తెల్లబడేవి. మంట పెరిగితే ఇంకో మూత పోసేదాన్ని.

బంద్ రోజున ఇక ఆగలేక పిల్లను తీసుకుని నడిచాను. క్లినిక్ మూసి ఉంది. డాక్టరమ్మ దిల్‌సుఖ్‌నగర్ రోడ్డు మీద ఉద్యమం వాళ్ల వంటావార్పులో, కొంగు నడుముకు చుట్టి గరిటె తిప్పుతున్నారు. నా కోస్తా మాట వింటే అక్కడ ఎవరేమంటారోనని దూరంగా నిలబడ్డాను. ఆమే చూశారు.

"ఏందమ్మా, బిడ్డ గట్ల ఎడంగ నడుస్తుంది?"

షట్టర్ ఎత్తించి, పిల్లతో "అమ్మ చెయ్యి పట్టుకో. జర చూస్త. వద్దంటే ఆపుత" అన్నారు. చూశాక నన్ను అడిగారు: "నీళ్లల్ల ఏం కలుపుతున్నవ్?"

చెప్పాను.

"బిడ్డకు స్నానం పోస్తున్నవా, బండలు కడుగుతున్నవా? చెడ్డ రోగమేం కాదు. పిల్లల చర్మం పల్చగుంటది, గా మందుకే మండింది. ఉత్త నీళ్లు చాలు. వదులు నూలు చెడ్డీ వెయ్యి. ముందునుంచి ఎనకకు తుడువు. వారంల తగ్గకుంటే మళ్ల తీస్కరా."

ఫీజు ఎంతని అడిగాను.

"మీ కోస్తోళ్లు పులిహోర మంచిగ కలుపుతరంట గద. నడువ్."

అంత పెద్ద గుండిగలో నేనెప్పుడూ కలపలేదు. ఎవరో "ఈమెవరక్కా?" అంటే, "నా పేషెంటు తల్లి. చింతపండు ఈమెకియ్యుండ్రి" అన్నారు. తాగితేనే మంట తగ్గుతుందని డాక్టరమ్మ చెప్పారు కాబట్టి, నా పక్కన కూర్చుని పిల్ల గ్లాసెడు నీళ్లు గటగటా తాగేసింది. పులిహోర కలుపుతూనే నవ్వాను.

"గిది సగం ఫీజే," అన్నారు వెళ్లేటప్పుడు. "మిగిలిన సగం, ఇంకో తల్లికి చెప్పు. గుసగుసలు కాదు, గొంతెత్తి."

వారంలో పిల్లకు తగ్గిపోయింది. తర్వాత రైతుబజారులో ఎప్పుడు కనిపించినా, టమాటాలు ఏరుతూ "నా సగం ఫీజేది?" అనేవారు. నేను నవ్వేసి తప్పించుకునేదాన్ని.

ఇప్పుడు మా కింద వాటాలో నల్గొండ నుంచి వచ్చిన జంట కిరాయికి ఉంటున్నారు. వాళ్ల చిన్నపిల్ల స్నానం వేళ ఏడుపు కొన్నాళ్లుగా వింటున్నాను. ఈ ఆదివారం ఆ కబురు విని, ఫోన్ పెట్టేసి మెట్లు దిగాను. బకెట్‌లో అవే తెల్లటి నీళ్లు. భర్త అక్కడే ఉన్నాడు. అయినా గొంతు దించలేదు, అంతా చెప్పాను. మీ డాక్టర్‌కూ ఓసారి చూపించమన్నాను.

"గింతేనా అక్కా? మాకేమో భయమైంది," అంటూ ఆమె బకెట్ వంచేసి కుళాయి తిప్పింది.

నీళ్లు నిండాయి. నీలం బకెట్ అడుగు తేటగా కనిపిస్తోంది. పిల్ల తనే చెయ్యి ముంచింది.

డాక్టరమ్మా, మిగిలిన సగం చెల్లు.