పనసపొట్టు చప్పుడులో మా తమ్ముడి మాట

నిన్న పొద్దున్న అమలాపురం మార్కెట్లో ఎవరో పచ్చి పనసకాయని సన్నగా పొట్టు కొడుతున్నారు. టకటకమనే ఆ కత్తి చప్పుడు వినగానే, కూరల సంచితో అక్కడే నిలబడి నవ్వుకున్నాను. కమలాదేవి గారి పెరడూ, అక్కడ చేతులకు నూనె రాసుకుని కూర్చున్న మా పెదనాన్నా కళ్లముందు కదిలారు.

ఎనభైల్లో కమలాదేవి గారు ఇక్కడి కాలేజీలో పాఠాలు చెప్పేవారు. ఆవిడ ఇంట్లో నేను వంట చేసేదాన్ని. కోర్టులో విడాకులు తీసుకునేవాళ్ల గురించి ఆవిడ పరిశోధన రాస్తుండేవారు. ఆడవాళ్లు వస్తే వంటింటి గడపలో కూర్చుని కడుపులోదంతా చెప్పుకునేవారు. మగవాళ్లు మాత్రం ఒంటరిగా వచ్చేవారు కారు. వెంట మేనమామో, బాబాయో ఉండేవాడు. పెద్దవాళ్ల ముందు నోరు తెరవకూడదని మొగుడు తల దించుకుంటే, ప్రశ్నలన్నిటికీ ఆ పెద్దాయనే జవాబు చెప్పేవాడు. ఒక సాయంత్రం తను రాసినదంతా చదువుకుని ఆవిడ కళ్లజోడు తీశారు. “నరసమ్మా, మగాళ్ల బాధలని రాసేను గానీ, ఇవన్నీ మేనమామల మాటలేనే!” అని పకపకా నవ్వారు.

అప్పుడే మా తమ్ముడు సూర్యం కేసు కూడా కోర్టులో ఉంది. మొగుడూ పెళ్లాలిద్దరూ ఒప్పుకునే విడిపోతున్నారు. చిన్న పాప రాజోలులో తల్లి దగ్గర ఉంటుంది. పాపను చూసే వీలు కోర్టులో అడిగి రాయించుకోకపోతే, తర్వాత చూడనిస్తారన్న నమ్మకం లేదు. వీడా, ఎవరినీ ఏమీ అడిగే రకం కాదు. మా కమలాదేవి అమ్మగారు రమ్మంటే వచ్చాడు. వెనకే పెదనాన్న.

“మావోడికి బాధేంటండీ, మగోడు! గన్నవరంలో ఇంకో సంబంధం కూడా చూసేమండి” అన్నాడు పెదనాన్న.

అమ్మగారు తొణకలేదు. “పొట్టు కొట్టడంలో మీ చెయ్యే చెయ్యంటారండీ. మా నరసమ్మ కొడితే ముక్కలేనండి.”

“ఆయ్! దానికేం తెల్సండీ? కాయ చూపించండి” అని పెదనాన్న పెరట్లోకి నడిచాడు.

టకటక మొదలైంది. అరుగు మీద అమ్మగారు సూర్యాన్ని ఒకే ఒక ప్రశ్న అడిగి ఊరుకున్నారు. కత్తి ఆగినప్పుడల్లా నేను పెరట్లోకి పరుగు. “ఇంకా సన్నగా కావాలంట, పెదనాన్నా!”

“ఇంతకన్నా సన్నగానా? సేమ్యా చెయ్యమంటావేటే?”

రెండు కాయలు అయ్యేసరికి సూర్యం కళ్లు తుడుచుకుని లేచాడు. వాడేం చెప్పాడని అమ్మగారిని అడిగాను. “నాతో చెప్పింది నాతోనే ఉంటుంది. నీకు కావాలంటే వాణ్ణే అడుగు. అడిగేక మాత్రం నోరు మూసుకో” అన్నారు. అది నాకెంత కష్టమో ఆవిడకు తెలుసు.

ఇంటికి వెళ్తూ కాలవ గట్టు మీద అడిగాను. పెదవి కరిచిపట్టుకుని నడిచాను. వంతెన దాటాక వాడే నోరు విప్పాడు. “ఆదివారం పూటైనా పాప జడ నేనే వెయ్యాలే, అక్కా.”

కోర్టులో జడ్జిగారు అడగ్గానే పెదనాన్న గొంతు సవరించుకున్నాడు. “నేను చెప్తాను, పెదనాన్నా” అన్నాడు సూర్యం. “ఆదివారం పాప నా దగ్గరుండాలండి. జడ వెయ్యడం వచ్చండి నాకు.” పాప తల్లి తలెత్తి, “నిజమేనండి, నాకన్నా బాగా వేస్తాడు” అంది. జడ్జిగారు నవ్వి, ఆదివారాలు రాయించారు. బయటికి రాగానే పెదనాన్న వాడి వీపు చరిచాడు. “నోరుందేంట్రా నీకు! ముందే తెరిస్తే ఆ రెండు కాయలూ తప్పేవి కదరా!”

అంతకు ముందు రాసిన మగవాళ్ల సంగతులన్నీ అమ్మగారు పక్కన పెట్టి, ఒక్కొక్కరినీ విడిగా పిలిచి మళ్లీ మొదలుపెట్టారు. ఆ రోజుల్లోనే, ముప్పై దాటిన నాకు పలక ఇచ్చి అక్షరాలు దిద్దించారు. ఇదిగో, ఈ నాలుగు మాటలూ రాయగలగడం ఆవిడ చలవే.

నిన్న మార్కెట్ నుంచి వచ్చేసరికి, పెళ్లాంతో గొడవపడి మా అబ్బాయి వంటింట్లో కూర్చుని ఉన్నాడు. “ఏమైందిరా?” అని అడిగాను. తర్వాత వాడివైపు చూడకుండా పొయ్యి వెలిగించి, పోపు వేసి, కొని తెచ్చిన పనసపొట్టు కలుపుతూ నిలబడ్డాను.